పొదుగు వేడి పాలు

పేరు పాపక్క. వర్తూరు బైరప్ప కుమార్తె, మాగడి రోడ్డు టోల్‌గేటు అవతల కాపురమున్న గంగప్ప భార్య. వయస్సు నలభైయారు సంవత్సరాలు. ప్లేగు వచ్చి బెంగళూరు జనం తోటల్లో గుడిసెలు వేసుకొన్న మరుసటి యేడు పాపక్క పుట్టినట్లు ఆమె తల్లి చెప్పేదట. ఆ మాటను ఆధారం చేసుకొని ఈ వయస్సును నేను నిర్ణయించాను. నేను ఆమెను ఎరిగి పంతొమ్మిది సంవత్సరాలు పూర్తి అయినాయి. క్రిందటి నెల వరకు ఆమెను నేను చూడని ఉదయాలు వేళ్ళ మీద లెక్కింపదగినవి.

ఇది వ్రాస్తున్న నా పేరు సుబ్బరాయుడు. ప్రభుత్వ కచేరిలో ముప్పైనాలుగు సంవత్సరాలు నకలు గుమస్తాగా పనిచేసి, ప్రస్తుతం పింఛను పొందుతూ, బళేపేటలో గాజుల అంగళ్ళ వెనుక సందులో నివసిస్తున్నాను. తమ మునిసిపాలిటీ ఆరోగ్య కచేరికి వచ్చే మనవులు కన్నడంలో ఉండవలెనని నాకు తెలియును. పాపక్కకు కన్నడం మాటలాడటం బాగుగానే వచ్చును. అయినా తన బొటనవ్రేలి గుర్తు పడే కాగితంలో ఏమున్నదో ఇంటి మాటలో వినకుండా వ్రేలికి సిరా తగలనివ్వనని ఆమె పట్టుబట్టింది. కావున ఈ తెలుగు ప్రతిని ముందుగా వ్రాసి ఆమెకు చదివి వినిపించి, దీని కన్నడ ప్రతిని ఇందువెంట జతపరిచాను.

విషయం ఇది. క్రిందటి నెల, అనగా 1946 నవంబరు పద్దెనిమిదవ తేదీ ఉదయం, పాపక్క పాలు నీళ్ళు కలిసినవిగా తీర్మానింపబడి, ఆవును పేట వీధుల్లోకి తోలుకొని వచ్చి ఇళ్ళ ముందు పాలు పితికి అమ్మేందుకు ఆమెకున్న లైసెన్సు నిలిపివేయబడింది. డిసెంబరు ముప్పైయవ తేదీలోగా తగిన సమాధానం అందకపోతే ఆ లైసెన్సు శాశ్వతంగా రద్దవుతుంది. ఆ సమాధానంగా, ఈ మనిషి ఎటువంటిదో, ఆనాడు జరిగిన పొరపాటు ఎవరిదో, నాకు తెలిసినంతవరకు కల్పించకుండా దాచిపెట్టకుండా వ్రాస్తున్నాను.

ఆమె మొదటిసారి మా సందులోకి వచ్చినప్పుడు వయస్సు ఇరవైయేడు. ముందు కెంపి అనే ఎర్రావు (తరువాత దాని సంతతిలో పాలిచ్చే ఆవులకూ వరుసగా అదే పేరు పెట్టారు), వెనుక దాని దూడ, మధ్యలో మోచేతుల వరకు ఒక్క గాజు కూడా లేకుండా పాపక్క. గాజుల అంగళ్ళ వీధిలో ఖాళీ చేతులతో నడిచే ముత్తైదువను చూసి నలుగురూ నాలుగు విధాలుగా అనుకొన్నారు. ఎదురింటి అంగడి యజమాని కృష్ణప్ప అప్పటికి కుర్రవాడు, మాట దాచుకొనే అలవాటు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

"ఏమక్కా, ఈ వీధిలో ఇన్ని గాజులు ఉండాయి, నీ చేతికి ఒగటి కూడా సరిపోలేదా?" అన్నాడు.

"గాజు చప్పుడైతే కెంపి బెదురుతాది అప్పా. ఇంటికాడ పెట్టె నిండా ఉండాయి. పండగకి వేసుకొంటా, నువ్వు వచ్చి చూసిపో."

అప్పటి వరకు మా సందుకు పాలు తలమీద కుండల్లో వచ్చేవి. దారిలో ఎన్ని చెరువులు దాటి వచ్చేవో ఆ కుండలకే తెలియును. కనుక నా భార్య సావిత్రమ్మ పాలవాళ్ళనెవ్వరినీ నమ్మేది కాదు. ఆవు గుమ్మం ముందు నిలిచినా ఆమె అనుమానం తీరలేదు.

"ఆవు ఉంటే చాలునా? నీళ్ళు కలపవని ఏమి నమ్మకం?"

పాపక్క నవ్వింది. "చెంబు నీది, కండ్లు నీవి, ఆవొకటి నాది. నీళ్ళు యాడినుంచి వస్తాయి తల్లీ?"

ఆ మాట అని, మా ఇంటి చెంబునే అడిగి తీసుకొని, దానిని బోర్లించి, అడుగున వేలి కణుపుతో రెండుమార్లు తట్టింది. లోపల ఒక్క చుక్క లేదని చూపించడానికి. పొదుగు కడిగిన నీళ్ళు వేరే పాత్రలో పట్టి, ఆ నీళ్ళను ఇంటివారి చేతనే వీధి కాలువలో పారబోయించింది. ఆ తరువాతనే దూడను విడిచి, చేపు వచ్చి పొదుగులోకి పాలు దిగిన పిమ్మట దూడను పక్కకు కట్టి, పితకడానికి కూర్చున్నది. ఈ పద్ధతిలో ఈ పంతొమ్మిదేళ్ళూ ఒక్క ఇంటి ముందైనా, ఒక్క రోజైనా లోపం జరగలేదు. తన మీద పూర్తి నమ్మకమున్న ఇళ్ళలో, "చాలులే పాపక్కా, చెంబు తట్టకపోతే ఏమి?" అన్నా ఆమె వినదు. తట్టిన తరువాతనే పాలు.

ఈ విధంగా మా వీధికి ఒక కొత్త ధర్మశాస్త్రం ఏర్పడింది. పాలు నిజమైనవా కావా అని తెలుసుకోవడానికి మా ఆడవారు చెంబుకు అరచేయి ఆనించి చూసేవారు. పొదుగు వేడి చేతికి తగిలితే అవి పాలు. తగలకపోతే, అవి ఎవరు తెచ్చినా, ఎంత చిక్కగా ఉన్నా, వాటిని గుమ్మం లోపలికి రానివ్వరు. దీనిని ఇంత వివరంగా ఎందుకు వ్రాస్తున్నానంటే, జరిగిన పొరపాటుకు మూలం ఇక్కడనే ఉన్నది.

పాపక్క స్వభావాన్ని గురించి మరి రెండు మూడు సంగతులు మనవి చేసుకొంటాను.

ఆమె మూడు చన్నులు పితికి నాలుగవ చన్ను దూడకు విడిచిపెడుతుంది. ఇది ఆమె నియమం. ఒకమారు పక్క వీధిలో ఒక పెద్ద జవళి వర్తకుని ఇంట పెండ్లి జరిగింది. ఆ ఇంటి పెద్దమనిషి స్వయంగా వచ్చి ఆనాటికి పాలన్నీ కావాలన్నాడు.

"మూడు చన్నుల పాలు తీసుకోండి సామీ. నాలుగోది దూడది."

"దూడకు ఒక్క రోజు లేకపోతే ఏమవుతుంది?"

"పెండ్లి మీ ఇంట్లో గదా, దూడ యాల ఉపవాసం ఉండాల?"

ఆ పెద్దమనిషికి నవ్వు వచ్చి, దూడకు కూడా ఒక లడ్డు పంపించాడు. దూడ దానిని వాసన చూసి వదిలేసిందనీ, గంగప్ప తిన్నాడనీ తరువాత తెలిసింది.

ఆవు ఈనినప్పుడు మొదటి రోజుల పాలను ఆమె అమ్మదు. జున్ను చేసి, ఏలకుల పొడి చల్లి, వాడుక ఇళ్ళన్నిటికీ ఆకు దొన్నెల్లో పంచుతుంది. పచ్చిపాల విషయంలోనూ ఆమెకు స్వంత అభిప్రాయాలు ఉన్నాయి. కృష్ణప్ప నేటికీ ప్రతి ఉదయం అంగడి మెట్టు మీద నిలబడి, లోటా నిండా నురుగుతో ఉన్న పచ్చిపాలు గుక్క తిప్పుకోకుండా త్రాగి, మీసానికి అంటిన నురుగును తుడుచుకోకుండానే మొదటి బేరానికి కూర్చుంటాడు. అతనికి ఆమె ఎన్నడూ అడ్డు చెప్పలేదు. కాని పక్కింటి కోడలు తన పసిబిడ్డకు అవే పాలు పట్టబోయినప్పుడు ఆమె చెంబు వెనక్కి లాక్కొన్నది.

"కిష్నప్పకి రాయి పెట్టినా అరుగుతాది. బిడ్డ కడుపు అట్లనా? పొంగు వచ్చేవరకు కాంచి, ఆరబెట్టి పొయ్యి తల్లీ. కాంచనంటే ఇంగ నీకు పాలు పొయ్యను."

అమ్మేవారు కొనేవారికి ఇటువంటి షరతు పెట్టడం నేను మరెక్కడా చూడలేదు.

ఆరేళ్ళ క్రితం ఆమె జ్వరంతో పది రోజులు లేవలేకపోయింది. గంగప్ప ఆవును తోలుకొని వచ్చాడు. ఆయన గడ్డి కోయడంలోనూ మేత వేయడంలోనూ నేర్పరి. పితకడం మాత్రం ఆవు ఒప్పుకోవలసిన పని. కెంపి ఆయనను చూసి పాలు ఎగబట్టింది. దూడను విడిచినా, బెల్లం పెట్టినా, బ్రతిమాలినా చుక్క రాలలేదు. రెండవ రోజు గంగప్ప తన భార్య పాతచీరను తలమీదుగా కప్పుకొని, ముసుగు లాక్కొని వచ్చి కూర్చున్నాడు. ఆ చీర వాసనకు కెంపి శాంతించి ధారగా పాలు విడిచింది.

కృష్ణప్ప ఊరకుంటాడా?

"ఏమక్కా, మీసాలు ఎప్పుడు మొలిచినాయి?" అని అరిచాడు.

"నిన్నటి నుంచే లేప్పా," అన్నాడు గంగప్ప ముసుగు లోపలి నుండి. "గట్టిగా అరవద్దు. కెంపికి ఇంగా తెలీదు."

వీధి వీధంతా నవ్వింది. గంగప్ప ఆ పది రోజులూ ఆ చీరతోనే వచ్చాడు. చెంబు బోర్లించి తట్టడం మాత్రం ఒక్కనాడూ మరవలేదు, ఎందుకంటే సాయంత్రం ఇంటికి పోగానే పాపక్క మంచం మీద నుండి మొదట అడిగే ప్రశ్న అదేనట.

ఇక నవంబరు పద్దెనిమిదవ తేదీ సంగతి.

ఆ ఉదయం ఆరున్నర గంటలకు తమ కచేరి ఇన్‌స్పెక్టరుగారు పాల పరీక్షకు మా సందుకు దయచేశారు. వారు వయస్సులో చిన్నవారు, మర్యాద తెలిసినవారు. పేటలో పాలు అమ్మేవారందరినీ పరీక్షించవలెనని ఉత్తర్వు వచ్చిందని చెప్పి, పెట్టెలోనుండి ఒక పొడవైన గాజుపాత్రనూ, లాక్టోమీటరునూ తీశారు. ఈ లాక్టోమీటరు అనేది అడుగున బరువు ఉండి, పైన సన్నని కాడ మీద గీతలు గల గాజు బుడ్డి. చిక్కని పాలలో అది పైకి తేలుతుంది. నీళ్ళు కలిస్తే లోపలికి మునుగుతుంది. పాల మట్టం వద్ద ఉన్న గీత ఇరవైయెనిమిదికి తగ్గరాదు.

సందులోని వారంతా సంతోషించాం. పాపక్క పాలకు సర్కారు ముద్ర పడబోతున్నదని మా ఉద్దేశం. ఆమె మా ఇంటి ముందు చెంబు తట్టి, పితికి, నురుగు పొంగుతున్న చెంబును ఇన్‌స్పెక్టరుగారి చేతికి ఇచ్చింది. వారు ఆ పాలను గాజుపాత్రలో పోసి, మా అరుగు మీద పెట్టి, కొంతసేపు ఆరనివ్వండి అన్నారు.

తప్పు ఇక్కడ జరిగింది, చేసినవారం మేము.

"ఆరనిచ్చేదా? యాల సామీ?" అని కృష్ణప్ప ముందుకు వచ్చాడు. "ఆరిన పాలు ఎవురైనా తెస్తారు. పొదుగు వేడి ఉండంగానే చూస్తేనే గదా నిజం తెలిసేది!"

"అవును నాయనా," అన్నది నా భార్య. "నురుగు పోయినాక ఇంకేమి పరీక్ష? చేయి ఆనించి చూడు, ఎట్ల కాలుతా ఉండాదో!"

"ముంచండి సామీ, ముంచండి. నాకేమి భయం?" అన్నది పాపక్క నడుము మీద చేతులు పెట్టుకొని.

నేను కూడా ఊరక ఉండలేదు. "వేడిమియే ఇందుకు ప్రథమ సాక్ష్యము" అని వారితో గంభీరంగా చెప్పాను. ఆ మాట అన్న నోరు ఇదే కనుక, ఈ మనవి వ్రాయవలసిన బాధ్యత కూడా నాదే అని భావిస్తున్నాను.

వారికి ఇంకా అయిదు వీధులు మిగిలి ఉన్నాయి. చేతి గడియారం చూసుకొన్నారు, మా అందరి ముఖాలు చూశారు, సరే అని లాక్టోమీటరును ముంచారు. అది నెమ్మదిగా, మేము చూస్తుండగానే, మునుగుతూ మునుగుతూ ఇరవైయైదు వద్ద నిలిచింది. తీసి, తుడిచి, మళ్ళీ ముంచారు. మళ్ళీ ఇరవైయైదు.

పాపక్క ఆ గాజు కాడను చూసి, తరువాత కెంపిని చూసింది, ఇందులో దాని తప్పు ఏదైనా ఉన్నదా అన్నట్లు.

అదే సమయంలో తలమీద కుండతో చిక్కమునియప్ప సందులోకి వచ్చాడు. అతడు తెల్లవారకముందే ఎక్కడినుండో బయలుదేరి, చల్లని కుండలో పాలు తెచ్చి హోటళ్ళకు పోసేవాడు. అతని పాలను గురించి నేనేమీ చెప్పదలచుకోలేదు. ఇన్‌స్పెక్టరుగారు అతనిని ఆపి, అతని పాలలో లాక్టోమీటరు ముంచారు. ఇరవైయెనిమిది. ఆ ఉదయం అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపడినవాడు చిక్కమునియప్పే.

"సామీ, ఇంగొకసారి చూస్తారా?" అని వారిని అడిగాడు.

"నిజమేనయ్యా, నీ పాలు సరిగ్గా ఉన్నాయి," అన్నారు వారు.

"అట్లనా! ఇంటికి పోయి నా పెండ్లానికి చెప్తే నమ్మదు," అంటూ అతడు వెళ్ళిపోయాడు.

వారం రోజులకు పాపక్కకు నోటీసు వచ్చింది. దానిని తీసుకొని టోల్‌గేటు నుండి రెండు మైళ్ళు నడిచి, ఆవు లేకుండా, దూడ లేకుండా మా అరుగు మీదకు వచ్చి కూర్చున్నది. ఆమెను ఆవు లేకుండా చూడటం మాకు అదే మొదలు. నేను చదివి అర్థం చెప్పాను.

"లైసెన్సు పోతే పోనీ సామీ," అన్నది ఆమె. "కొట్టం కాడ పాలు తీసుకొనేవాళ్ళు దొరుకుతారు. ఆ మాట మాత్రం పోవాల. నీళ్ళు కలిపింది అని కాగితం మీద ఉండాది గదా, ఆ మాట. ఆ పేరుతో నేను వర్తూరులో నాయన ముందర ఎట్ల నిలబడేది?"

ఆమె తండ్రి బైరప్పకు డెబ్బై దాటింది. ఆయనా పాలు పితికి బ్రతికినవాడే. చెంబు బోర్లించి తట్టడం ఆమెకు నేర్పినవాడు ఆయనేనట.

ఈ మధ్య కాలంలో జరిగిన ఒక విషయాన్ని కచేరికి తెలియపరచడం నా ధర్మం. పాపక్క ఆవును పేటలోకి తేరాదని నోటీసులో ఉన్నది గాని, పేటవారు ఆమె కొట్టానికి పోరాదని లేదు. నోటీసును నేను మూడుమార్లు పరిశీలించిన పిమ్మటనే ఈ మాట చెప్పాను. మరుసటి ఉదయమే కృష్ణప్ప తన లోటా తీసుకొని టోల్‌గేటు దాటాడు. నాలుగవ రోజుకు మా సందునుండి పదకొండుమంది ఆడవారు, చలికి కొంగులు చెవులకు చుట్టుకొని, చెంబులు చేతబట్టి నడిచారు. గుడికి, పుట్టింటికి తప్ప ఎక్కడికీ నడవని నా భార్య వారికి ముందు నడిచింది. దారి పొడుగునా మాటలు, నవ్వులు. వెళ్ళినవారికి గంగప్ప తోటలోని పచ్చి అనపకాయలు ఒడిలో పోసి పంపేవాడు. చెప్పాలంటే మా వీధి ఆడవారికి ఈ లైసెన్సు నిలిచిపోవడం వలన ఏ కష్టమూ కలగలేదు. మోకాళ్ళ నొప్పులు తగ్గాయని కూడా ఇద్దరు చెప్పారు. అయినా పాపక్క మీద పడిన మాట అట్లే ఉన్నది.

సమాధానం పంపేటప్పుడు నోటీసు నకలు ఒకటి జతపరచడం పద్ధతి. కనుక దానిని నకలు వ్రాయడానికి కూర్చున్నాను. ముందు పేజీ ముగిసింది. వెనుక పేజీలో చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో అచ్చయిన పరీక్షా నిబంధనలు ఉన్నాయి. వాటిని ఎవరూ చదవరు. నేనూ మొదట చదవలేదు. నకలు అన్న తరువాత వెనుక పేజీ కూడా నకలులో ఉండవలెను గనుక వ్రాస్తూ పోయాను. ఏడవ నిబంధన వ్రాస్తుండగా చేయి ఆగింది. దాని తాత్పర్యం ఇది: పితికిన పాలు నురుగు అణగి, ఫారన్‌హీటు అరవై డిగ్రీల వేడిమికి చల్లారిన పిమ్మటనే లాక్టోమీటరును ముంచవలెను, వేడి పాలలో అది నిజమునకు తక్కువగా చూపును.

ఆ వాక్యాన్ని సావిత్రమ్మకు తెలుగు చేసి చెప్పాను.

"ఆ బిడ్డ ఆరనిద్దామనే అన్నాడు గదండీ," అన్నది ఆమె. "మనమే గదా మీదపడి అరిచింది!"

విని ఊరకుండక, స్వయంగా చూసి నిశ్చయించుకోవలెనని అనుకొన్నాం. కృష్ణప్ప తనకు తెలిసిన హోటలువారిని అడిగి ఒక లాక్టోమీటరు తెచ్చాడు. డిసెంబరు పన్నెండవ తేదీ ఉదయం, పాపక్క కొట్టం వద్ద, ఆమె, గంగప్ప, కృష్ణప్ప, నా భార్య, నేను ఉండగా ఈ క్రింది విధంగా జరిగింది. ఆనాడు చలి బాగుగా ఉన్నది.

పితికిన వెంటనే ముంచితే, గీత ఇరవైయైదు. ఆ చెంబునే బావి పక్కనున్న రాతి తొట్టిలో, చల్లని నీళ్ళ మధ్య, మెడవరకు మునిగేటట్లు పెట్టాం. గంట గడిచింది. నురుగు అణగి మీగడ కట్టబోతున్న పాలను కలియబెట్టి ముంచితే, లాక్టోమీటరు తలయెత్తుకొని నిలిచింది. ఇరవైతొమ్మిది. వేడిమిని కొలిచే సాధనం మా వద్ద లేదు. సరిగ్గా అరవై డిగ్రీలని నేను ప్రమాణం చేయలేను. కాని పాలు అవే, చెంబు అదే, మధ్యలో ఎవరూ చేయి పెట్టలేదు.

"అవే పాలు గదా?" అన్నాడు గంగప్ప, నాలుగు వైపుల నుండీ వంగి చూస్తూ. "గంటలో చిక్కనైపోయినాయా?"

"పాలు కాదు మామా, బుడ్డి మనసు మార్చుకొన్నాది," అన్నాడు కృష్ణప్ప. ఆ తరువాత అతనికి ఒక ఆలోచన వచ్చింది. "సామీ, ఇప్పుడు చల్లని పాలలో అయిదు లోటాలకి ఒక లోటా నీళ్ళు పోసి చూద్దాము. ఎంత చూపిస్తాదో తెలుస్తాది."

పాపక్క లేచి నిలబడింది.

"నా కండ్ల ముందర నా పాలలో నీళ్ళు పోస్తారా?"

"పరీక్ష కోసరం అక్కా."

"ఏ కోసరమూ వద్దు. ఈ కొట్టంలో అట్లాంటి పని ఇంతవరకు జరగలేదు, ఇంగ జరగదు."

కృష్ణప్ప బ్రతిమాలాడు. గంగప్ప బ్రతిమాలాడు. కొట్టంలో కాకుండా బయట కంచె అవతల పోస్తామని నా భార్య ఒక మధ్యమార్గం చెప్పింది. దానికి పాపక్క ఒప్పుకొన్నది గాని, తాను చూడనని వీపు తిప్పి నిలబడి, కెంపి కళ్ళకు కూడా అరచేయి అడ్డం పెట్టింది. నీళ్ళు పోసి ముంచితే వచ్చిన గీత ఇరవైనాలుగు మీద కొంచెం. అనగా, పొదుగు వేడితో ఉన్న స్వచ్ఛమైన పాలూ, నీళ్ళు కలిసిన చల్లని పాలూ ఈ బుడ్డికి ఇంచుమించు ఒక్కటిగానే కనిపిస్తాయి. నవంబరు పద్దెనిమిదిన ఇన్‌స్పెక్టరుగారు చదివిన గీత సరియైనదే. చదివిన వేళను మేమే చెడగొట్టాం.

ఇంతటితో చిక్కు తీరిందని నేను భావించి, పాలు చల్లారిన పిమ్మట మరల పరీక్షింపవలెనని కోరుతూ ఒక చిన్న మనవి వ్రాసి, పాపక్కకు చదివి వినిపించాను. వ్రేలి గుర్తు వేయనన్నది.

"చల్లార్చిన పాలు చూపించి నిజమైన పాలు అని నేనెట్ల చెప్పేది సామీ?" అన్నది. "పితికింది ఒక గడియ, చూసేది ఇంగొక గడియ. నడిమధ్య గంటసేపు చెంబు ఒంటిగా ఉంటాది. ఆ గంటలో ఏమి జరిగినాదో ఎవురికి తెలుసు? రేపు ఇరవైతొమ్మిది వచ్చినా, 'గంటలో ఏదో గారడీ చేసినారు' అంటారు. అనరా?"

"నువ్వు అట్లాంటిదానివి కాదని అందరికీ తెలుసు గదక్కా," అన్నాడు కృష్ణప్ప.

"నీకు తెలిస్తే చాలునా? నీకు తెలిసే గదా పోయినసారి ఇట్లయినాది!"

"అట్లయితే ఏమి చేయమంటావు?" అని నేను అడిగాను.

"ఆ ఇన్‌స్పెక్టరు అప్పనే వచ్చి కూచోమనండి. నేను చెంబు తట్టేది ఆయన చూడాల, పితికేది చూడాల, చెంబు ఆరేదాకా పక్కనే కూచోవాల. కన్ను తీసేది లేదు. ఆయన కండ్లు, ఆయన చెంబు, నా ఆవు. అప్పుడు ఏ గీత వచ్చినా ఒప్పుకొంటా. ఇరవైయైదే వస్తే కెంపిని తోలుకొని నేనే వర్తూరికి పోతా."

ఈ మాటలోని న్యాయాన్ని నేను కాదనలేకపోయాను. మొదటి మనవిని చించివేసి ఇది వ్రాస్తున్నాను. ఒక గంటసేపు కూర్చోవడం ఉద్యోగధర్మంలో ఉన్నవారికి శ్రమ అని నాకు తెలియును. మా అరుగు మీద చాప వేసి, చల్లనీళ్ళ తొట్టి సిద్ధంగా ఉంచుతాం. నా భార్య కాఫీ ఇస్తానంటున్నది; పరీక్ష ముగియకముందు కాఫీ ఇవ్వడం లంచమని ఎవరైనా భావింపవచ్చునేమో అనే సందేహంతో, గీత చదివి పుస్తకంలో వ్రాసుకొన్న తరువాతనే ఇవ్వవలెనని నేను నిర్ణయించాను. ఆ కాఫీలోని పాలు ఆ చెంబులోనివి కావని కూడా ఇందుమూలంగా తెలియపరుస్తున్నాను. సందులోని వారెవ్వరూ ఈసారి నోరు మెదపకుండా చూసే బాధ్యత నాది. కృష్ణప్ప ఆ గంటసేపు అంగడి లోపలనే ఉంటానని మాట ఇచ్చాడు.

కావున, పై సంగతులన్నీ తమ ఆలోచనలోకి తీసుకొని, ఈ నెల ముప్పైయవ తేదీలోగా తమకు అనుకూలమైన ఏదైనా ఒక ఉదయం ఆరు గంటలకు, తాము గాని, ఆ ఇన్‌స్పెక్టరుగారే గాని బళేపేటలోని మా ఇంటికి దయచేయవలెననీ, ఆ ఒక్క ఉదయానికి పాపక్క తన ఆవును పేటలోకి తోలుకొని వచ్చేందుకు అనుమతి ఇవ్వవలెననీ, తమ పాత్రలో, తమ కళ్ళ ముందు పితికిన పాలను తమ సమక్షంలోనే ఏడవ నిబంధన ప్రకారం చల్లార్చి పరీక్షింపవలెననీ, ఆ పాలు సరియైనవిగా తేలిన పక్షంలో ఆమె లైసెన్సును మరల ఇచ్చి, తమ పుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా ఉన్న "నీళ్ళు కలిపినది" అనే మాటను కొట్టివేసి, అట్లు కొట్టివేసినట్లు తమ సంతకంతో ఒక నకలును వర్తూరు బైరప్ప పేరిట పంపవలెననీ, పాపక్క తరపున సవినయంగా ప్రార్థిస్తున్నాను.